కారులో కిరసనాయిలు వాసన

వాసన ముందు పట్టింది మా అమ్మ. 2025 మే నెలలో ఆవిడను కంటి పరీక్షకి గుడివాడ నుంచి విజయవాడ తీసుకెళ్తున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి కారు ఆగింది. "ఒరేయ్, కిరసనాయిలు వాసన వస్తోందిరా. వెనకటికి స్టవ్ ఆర్పగానే వచ్చేది చూడు, అలాంటిది" అంది. నేను అద్దం దించి చూశాను. పక్కన లారీ ఉంది, దానిదేమో అనుకున్నాను. పచ్చ లైటు పడ్డాక కారు కదిలింది, వాసన పోయింది. రామవరప్పాడు రింగ్ దగ్గర ఆగితే మళ్ళీ వచ్చింది. తిరుగు ప్రయాణంలో అమ్మకి తల తిప్పి, కంకిపాడు దాటాక పక్కకి ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు "బస్సులో వెళ్దాంలే" అంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి కంట్లో చుక్కల మందు వేసుకుని బస్టాండులో నిలబడటం నాకు నచ్చలేదు. ఈ సంగతి తేల్చాలని గట్టిగా అనుకున్నది అప్పుడే.

మాది 2013లో కొన్న డీజిల్ కారు. 1.3 లీటర్ల ఇంజన్, కామన్ రైల్, అంటే డీజిల్‌ను బాగా ఒత్తిడితో ఒకే గొట్టంలో నిలిపి అక్కడి నుంచి ఇంజనుకి పంచే రకం. హైవే మీద లీటరుకి 19 కిలోమీటర్లు తేలిగ్గా ఇచ్చేది. ఈమధ్య డీజిల్ త్వరగా అయిపోతోందని అనిపిస్తూనే ఉంది కానీ ఏసీ వాడకం, ఎండలు అని సర్దిచెప్పుకున్నాను. వాసన వచ్చేసరికి రెండూ ఒకటే అని మనసులో పడిపోయింది. డీజిల్ ఎక్కడో కారుతోంది, అందుకే మైలేజీ లేదు, అందుకే వాసన. ఎవరికైనా ముందు తోచేది అదే.

మొదట చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తి, దింపి, డీజిల్ బండి అన్నాక ఆమాత్రం వాసన ఉంటుందన్నాడు. డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు. ఫిల్టరు అడుగున నీళ్ళు చేరాయేమో అని డ్రెయిన్ చేసి చూశాడు, లేవు. వాసన తగ్గలేదు. రెండో చోట స్కానర్ పెట్టి, కారు కంప్యూటరు లోపమని రాసుకునే ఫాల్ట్ కోడ్ ఏదీ లేకపోయినా, "నాలుగు ఇంజెక్టర్లూ అయిపోయాయి సార్, మార్చాల్సిందే" అన్నారు. ఇంజను లోపలికి డీజిల్ చిమ్మేవి అవే. 50 వేల పైమాట. పన్నెండేళ్ళ కారుకి అంత పెట్టాలా అని టెన్షన్ పట్టుకుంది. అప్పు చేసైనా పెడదును, కానీ ఇంజెక్టర్లే కారణమని ఎలా తెలుసు అని అడిగితే వాళ్ళ దగ్గర జవాబు లేదు. నేను లెక్కల మాస్టారిని. చూపించని జవాబుకి మార్కులు వేయను.

ముందు మైలేజీ ఎంతో తెలియాలి. డాష్‌బోర్డు చూపించే అంకెను నమ్మలేదు. ఒకే బంకులో, ఒకే మెషిన్ దగ్గర, పొద్దున్నే, నాజిల్ తనంతట తాను మొదటిసారి ఆగేదాకా కొట్టించాను. పైన ఇంకా గుక్కెడు పోయనివ్వలేదు. కిలోమీటర్ల రీడింగు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 412 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ అక్కడే అలాగే నింపితే 29.6 లీటర్లు పట్టింది. భాగిస్తే 13.9.

బంకు కొలత మీద కూడా అనుమానం వచ్చింది. ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అడిగితే అందులో కొట్టి చూపించాలి, అది కొనేవాళ్ళ హక్కు. అడిగాను, విసుక్కోకుండా చూపించారు, గీత మీదకి సరిగ్గా వచ్చింది. బంకు తప్పు లేదు.

ఆ రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. 412 కిలోమీటర్లకి మామూలుగా అయితే 21.7 లీటర్లు సరిపోవాలి. పట్టింది 29.6. అంటే దాదాపు 8 లీటర్లు ఎక్కువ. ఈ ఎనిమిది లీటర్లూ కారిపోయాయనుకుందాం. ఒక మిల్లీలీటరు అంటే సుమారు ఇరవై చుక్కలు. 8 లీటర్లంటే 1,60,000 చుక్కలు. గంటకి 40 కిలోమీటర్ల సగటున 412 కిలోమీటర్లకి పది గంటల ప్రయాణం, అంటే సుమారు 36,000 సెకన్లు. సెకనుకి నాలుగు చుక్కలకి పైగా కారాలి! అది కారడం కాదు, ధారే. అలా అయితే కారు ఆపిన చోటల్లా మడుగు కట్టాలి, ఇంజను కింది రేకు తడిసి ముద్దవ్వాలి. నేను రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచి పొద్దున్నే చూశాను. రూపాయి బిళ్ళంత మరక ఒక్కటి ఉంది, అంతే.

అప్పటికి నాకు రూఢి అయింది. వాసన వేరు, మైలేజీ వేరు. రెండు జబ్బులు ఒకేసారి పైకి తేలాయి, అంతే. ఈ ముక్క ముందే తట్టకపోతే వాసన పోయిన రోజున పని అయిపోయిందనుకుని, మిగతా డీజిల్ ఏళ్ళ తరబడి తగలేస్తూ ఉండేవాణ్ణి. లీటరు వందకి దగ్గరగా ఉన్న రోజుల్లో ప్రతి వెయ్యి కిలోమీటర్లకి దాదాపు 1,900 రూపాయలు ఊరికే పోవడమంటే చిన్న విషయం కాదు.

వాసన సంగతి మొదట పట్టుకున్నాను, అమ్మ కోసం.

అమ్మ చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. ఆగినప్పుడే వస్తోంది, కదిలితే పోతోంది. కారు పోతున్నప్పుడు ఇంజను మీది ఆవిరిని ఎదురుగాలి కిందకి, వెనక్కి లాక్కుపోతుంది. ఆగితే అది పైకి లేస్తుంది. ముందు అద్దం అడుగున, వైపర్ల కింద, నల్లటి జాలీ ఉంటుంది కదా, ఏసీకి బయటి గాలి వెళ్ళేది అక్కడి నుంచే. బానెట్ సందుల్లోంచి లేచిన ఆవిరి నేరుగా అందులోకి పోతుంది. ఇది నిజమో కాదో చూడడానికి, కారు ఆపి ఇంజను నడుస్తుండగా ఏసీ మీటను బయటి గాలి నుంచి లోపలి గాలికి మార్చాను. రెండు నిమిషాల్లో వాసన పలచబడింది. మళ్ళీ బయటి గాలికి పెట్టాను, ముక్కు పట్టుకునేలా వచ్చింది. వెనక సీట్లో కూర్చుని చూశాను, అక్కడ తక్కువ. కాబట్టి ట్యాంకు వైపు కాదు, ఇంజను వైపే.

ఇంజెక్టర్లు లోపల డీజిల్ కక్కుతుంటే కనిపించే గుర్తులు కొన్ని ఉంటాయి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ, ఇంజను కుదుపు, ఇంజన్ ఆయిల్ మట్టం ఉండాల్సినదాని కంటే పెరగడం. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ గీతల మధ్యే ఉంది, వాసన చూస్తే డీజిల్ లేదు. తెల్లపొగ లేదు. ఆ 50 వేల మాట మీద నా అపనమ్మకం ఇంకా పెరిగింది.

ఆదివారం పొద్దున ఇంజను చల్లగా ఉండగా పైన ప్లాస్టిక్ మూత తీశాను. ఇంజెక్టర్ల చుట్టూ పన్నెండేళ్ళ మట్టి, జిడ్డు గడ్డకట్టి ఉంది. అది ఉన్నంతకాలం ఏది కొత్త తడో, ఏది పాత జిడ్డో తెలియదు. పాత టూత్‌బ్రష్షు, గుడ్డముక్కలతో ఒక్కో ఇంజెక్టరు చుట్టూ తుడిచి ఆరనిచ్చాను. తర్వాత ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి, నాలుగు ఇంజెక్టర్ల మీదా, పైపుల మీదా పలచగా చల్లాను. పొడి పౌడరు మీద తడి తగిలితే ఇట్టే కనబడుతుంది. ఇంజను స్టార్ట్ చేసి దూరంగా నిలబడి టార్చి వేసి చూస్తూ ఉన్నాను.

ఇక్కడ ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా లీకు ఎక్కడుందా అని వేళ్ళతో తడమకండి. కామన్ రైల్ ఇంజన్లలో లోహపు పైపుల్లో డీజిల్ వందల బార్ల ఒత్తిడితో ఉంటుంది. మా బండిలాంటి ఇంజన్లలో 1,600 బార్ల దాకా పోతుంది; ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు, కానీ చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అలాంటిది జరిగితే రక్తం రావట్లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. చూడాల్సి వస్తే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. నేను అదీ చేయలేదు, కళ్ళతోనే చూశాను.

ఏడెనిమిది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మూడో ఇంజెక్టరు నెత్తిన, తెల్లటి పౌడరు మీద బూడిదరంగు గీత ఒకటి వెంట్రుకలా మొదలైంది. చూస్తుండగానే అది వెడల్పయింది. రిటర్న్ పైపు దగ్గర. ప్రతి ఇంజెక్టరుకీ వచ్చిన డీజిల్ అంతా లోపలికి పోదు, కొంత మిగులుతుంది. ఆ మిగులును తిరిగి ట్యాంకు వైపు పంపడానికి పైన సన్నటి రబ్బరు పైపు ఉంటుంది, అందులో ఒత్తిడి చాలా తక్కువ. ఇంజను ఆపి, చల్లారాక ఆ పైపును కొద్దిగా వంచి చూశాను. మెడ దగ్గర ఎండిపోయిన చెరువు మట్టిలా పగుళ్ళు. పన్నెండేళ్ళుగా వేడిలో ఉడికి రబ్బరు గట్టిపడిపోయింది. అక్కడి నుంచి ఊరిన డీజిల్ వేడి ఇంజను మీద పడి ఆవిరవుతోంది. కింద మడుగు లేకుండా పైన వాసన రావడానికి కారణం అదే. పెట్రోలు అయితే ఆరిపోయి వాసన పోయేది, డీజిల్ అంత త్వరగా ఆరదు, పట్టుకుని ఉంటుంది.

మర్నాడు విజయవాడ జవహర్ ఆటోనగర్ వెళ్ళాను. లారీల పంపులు, నాజిళ్ళు మాత్రమే చూసే ఒక పెద్దాయన దగ్గరికి తోటి టీచరు పంపాడు. నేను చెప్పిందంతా ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

"పౌడరు చల్లావా మాస్టారూ? మంచి పని చేశావు. పైపు మారుద్దాం. కానీ ఇంజెక్టర్లు పోయాయన్నారు కదా, ఆ అనుమానం కూడా తీర్చుకుని పో" అన్నారు.

"ఎలా బాబాయ్ గారూ?"

ఆయన షెల్ఫులోంచి నాలుగు చిన్న సీసాలు, సెలైన్ పైపుల్లాంటి నాలుగు పారదర్శకపు గొట్టాలు తీశారు. రిటర్న్ పైపు మొత్తం ఊడదీసి, ఒక్కో ఇంజెక్టరుకి ఒక్కో గొట్టం తగిలించి, చివరలు సీసాల్లో పెట్టారు. ఇంజను స్టార్ట్ చేసి గడియారం చూసుకున్నారు. లోపల అరిగిన ఇంజెక్టరు డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదిలేస్తుంది, దాని సీసా మిగతావాటికంటే ముందు నిండుతుంది. మా నాలుగు సీసాల్లోనూ డీజిల్ దాదాపు ఒకే ఎత్తులో లేచింది. ఇంజను ఆపాక ఆయన నాలుగింటినీ వరసగా బల్ల మీద పెట్టి, వంగి, కంటికి సమంగా చూశారు. "నీ ఇంజెక్టర్లకి ఇంకా ఆయుష్షు ఉంది" అన్నారు. కొత్త రిటర్న్ పైపు, క్లిప్పులు, కూలీ అన్నీ కలిపి వెయ్యిలోపే అయింది. ఆ నాలుగు సీసాలను నేను మర్చిపోలేను. పది నిమిషాల పని. 50 వేలు అడిగే ముందు ఎవరైనా చేసి చూపించాల్సిన పని.

జాలీలో, ఏసీ గొట్టాల్లో పట్టుకున్న వాసన పోవడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. ఏసీ ఫిల్టరు కూడా మార్చాను, పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా డీజిలే. ఆపైన వాసన లేదు. మళ్ళీ అదే బంకులో కొలిచాను. 398 కిలోమీటర్లకి 28.1 లీటర్లు, అంటే 14.2. నా రాత్రి లెక్క తప్పలేదు. లీకు వల్ల పోయింది లీటరుకి పావు కిలోమీటరు మాత్రమే.

ఇక అసలు దొంగ ఎక్కడ? టైర్లలో గాలి, ఎలైన్‌మెంటు చూపించాను, బాగానే ఉన్నాయి. టర్బో గొట్టాలు ఎక్కడా చిరగలేదు. క్లచ్ జారడం లేదు. ఒక సాయంత్రం పామర్రు రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, సమతలంగా ఉన్న చోట 40 వేగంలో న్యూట్రల్ చేసి వదిలేశాను. కారు బాగా జారుతూ పోవాలి. మాది ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగిపోయింది. ఇంటికొచ్చి, బ్రేకు పెద్దగా వేయకుండానే ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల మీదా చెంబుతో కాసిని నీళ్ళు చిలకరించాను. మూడు చక్రాలు ఊరుకున్నాయి. ముందు ఎడమ చక్రం సుయ్యిమంది.

చక్రం విప్పితే సంగతి బయటపడింది. ప్యాడ్లను డిస్కు మీద నొక్కే బ్రేకు క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులు ఉంటాయి, వాటి మీద రబ్బరు తొడుగులు. ఒక తొడుగు చిరిగి, లోపల పిన్ను ఎర్రగా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లోపలివైపు ప్యాడు మూడు మిల్లీమీటర్లకి అరిగింది, బయటిది ఏడు ఉంది. పిన్ను బిగిస్తే ప్యాడ్లు ఇలాగే ఎగుడుదిగుడుగా అరుగుతాయి. కారు నడిచినంతసేపూ ఆ ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంది.

తుప్పు ఎక్కడిదో నాకు వెంటనే అర్థమైంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా కారు సింగ్ నగర్‌లో చెల్లెలి ఇంటి దగ్గరే ఉంది. వాళ్ళ వీధి కాస్త ఎత్తు మీద ఉంది కాబట్టి కారు మొత్తం మునగలేదు, చక్రాలు సగం దాకా రోజుల తరబడి బురదనీటిలో ఉన్నాయి. నీళ్ళు తీశాక ఇంజన్ ఆయిల్ మార్పించాను, లోపల కార్పెట్లు ఆరబెట్టాను. చక్రాలు విప్పి చూడాలని తోచలేదు. ఆ నెలలో అక్కడ ఎవరికీ కారు గురించి ఆలోచించే ఓపిక లేదు, చెల్లెలి ఇంట్లో బియ్యం నుంచి పిల్లల పుస్తకాల దాకా అన్నీ నానిపోయాయి. అప్పుడు చక్రాల దాకా నీళ్ళు వచ్చిన బండి ఎవరికైనా ఉంటే, ఇప్పటికీ చూపించకపోతే, ఒకసారి బ్రేకు పిన్నులు విప్పించండి.

పిన్నులకి ఎమెరీ పేపరు పట్టించి, తొడుగులు కొత్తవి వేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాశారు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోయి మళ్ళీ బిగుస్తుంది. ప్యాడ్లు రెండు వైపులా మార్చాం. తర్వాతి కొలత: 405 కిలోమీటర్లకి 23.7 లీటర్లు. 17.1! ఒక్క పిన్ను లీటరుకి మూడు కిలోమీటర్లు తినేసింది.

ఇంకా రెండు కిలోమీటర్లు తేలాలి. నా పాత విద్యార్థి ఒకడు కారు కంప్యూటరు అంకెలను ఫోనులో చూపించే చిన్న ఓబీడీ పరికరం తెచ్చిచ్చాడు, "నాలుగు రోజులు ఉంచుకోండి మాస్టారూ" అని. దాంతో చూస్తే హైవే మీద కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, వేడి 62 నుంచి 68 డిగ్రీల మధ్యే తిరుగుతోంది. జూన్ ఎండలో! డాష్‌బోర్డు ముల్లు సగానికి కింద ఉండటం నేనూ చూస్తూనే ఉన్నాను. బండి వేడెక్కట్లేదు, మంచిదే అనుకున్నాను.

అది మంచిది కాదు. ఇంజను తన వేడికి చేరేదాకా కూలెంట్‌ను రేడియేటరుకి పోనివ్వకుండా థర్మోస్టాట్ వాల్వు అడ్డం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటరు బండి ఇంకా వేడెక్కలేదనుకుని డీజిల్ ఎక్కువ ఇస్తుంది, ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. అప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో తిరుపతి ప్రయాణానికి ముందు కూలెంట్ గొట్టం మార్పించినప్పుడు ఆ మెకానిక్ "ఒక వాల్వు అడ్డంగా ఉంది సార్, తీసేశాను, ఇక వేడెక్కదు" అన్నాడు. మనవైపు ఎండలకి భయపడి ఈ పని చాలామంది చేస్తారు, మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఆ వాల్వు ఉన్నది చల్లదనానికి అడ్డు పడటానికి కాదు, ఇంజనుకి కావలసిన వేడి నిలపడానికి. నిజంగా వేడెక్కుతుంటే రేడియేటరు, ఫ్యాను, నీళ్ళ పంపు చూడాలి.

కొత్త వాల్వు మీద 88 అని అంకె ఉంది. వేయించాక ఫోనులో వేడి 88 దగ్గరకి వచ్చి నిలబడింది, బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీతో 94 దాకా పోయి ఫ్యాను తిరగగానే దిగింది. ఆఖరి కొలత 421 కిలోమీటర్లకి 22.4 లీటర్లు, 18.8.

ఒక్కో పని మధ్య ట్యాంకు నింపి కొలవడం వల్ల ఇదంతా మూడు నెలలు పట్టింది. అన్నీ ఒకే రోజు చేయించి ఉంటే దేనివల్ల ఎంత వచ్చిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మొత్తం ఖర్చు ఏడు వేలు దాటలేదు, మొదట దండగగా మార్చిన ఫిల్టర్లతో సహా. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు ఇంకా విప్పించలేదు, దసరా సెలవుల్లో ఆ పని ఉంది. అవీ అదే నీళ్ళలో నానాయి.

ఆగస్టులో అమ్మను మళ్ళీ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అలవాటు కొద్దీ ఆవిడ అద్దం సగం దించింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాసేపాగి కొంగు తీసి ఒకసారి గాలి పీల్చింది. "బయట ఉక్కగా ఉందిరా" అని అద్దం ఎక్కించేసింది.